మూడో చక్రం

ఆ జట్టులో అందరూ ఆమెను గోడక్క అనేవాళ్లు. సొంత చెల్లెలు ఎదుట అక్కా అని పిలిచినా, చాటున మాత్రం గోడ అనే అనేది. ఆ పేరు పెట్టింది చెల్లెలి మొగుడు. సైకిలు పందెంలో ముందు తొక్కే మనిషికి గాలంతా తగులుతుంది, వెనక నక్కి తొక్కేవాళ్లకు తగలదు. నలభై మూడేళ్ల గోడక్క భుజాలు తలుపంత వెడల్పు. పంతొమ్మిదేళ్లుగా ఆమె పరుపుల కార్ఖానాలో పనిచేస్తోంది. మగవాళ్లు ఇద్దరు కలిసి మోసే పరుపును ఒక్కతే వీపున వేసుకుని రెండంతస్తులు దిగుతుంది.

"మా వదిన ముందుంటే తుఫానులో కూడా దీపం ఆరదు," అనేవాడు మరిది. అది పొగడ్తో వెక్కిరింపో ఆమె ఎన్నడూ తేల్చుకోలేదు. నవ్వి ఊరుకునేది.

జట్టులో నలుగురు ఆడవాళ్లు. నాయకురాలు చెల్లెలు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆమెది. వెంట్రుకవాసి తేడా వచ్చినా అద్దాన్ని బుట్టలో పారేస్తుంది, మనుషుల విషయంలోనూ అంతే. మూడో ఆవిడ ఒక లెక్కల టీచరు. ఏ ఎండకా గొడుగు పట్టే రకం, ఎవరికీ ఎదురు చెప్పి ఎరగదు. నాలుగోది పిచ్చుక. అందరికంటే చిన్నది, ఇరవై నాలుగేళ్లు. జుట్టు కత్తిరించే దుకాణంలో పని. చూడబోతే మనిషి గుప్పెడంత, సైకిలెక్కిందంటే పట్టపగ్గాలుండవు. నోరూ అంతే, తొక్కుతూ కూడా వాగుతూనే ఉంటుంది. ఇక వీళ్లకు వ్యాను తోలేవాడు, గడియారం చూసేవాడు, తిట్టేవాడు అన్నీ మరిదే. కారు నేర్పే స్కూలు నడుపుతాడు. పక్క సీట్లో కూర్చుని జనాన్ని కసరడం వృత్తిరీత్యా అలవాటైపోయింది.

ఆరేళ్లు ఆదివారమనేది ఎరగకుండా తొక్కితే, ఆరో ఏట జాతీయ పోటీకి అర్హత వచ్చింది. ఉద్యోగాలు చేసుకుంటూ సరదాకి తొక్కేవాళ్ల విభాగం. పదకొండు జట్లు, నలభై కిలోమీటర్లు, తిన్నని రోడ్డు. మూడేసి నిమిషాల ఎడంతో ఒక్కో జట్టునూ వదులుతారు. నలుగురూ కలిసి బయలుదేరతారు గానీ, గడియారం ఆపేది మూడో మనిషి చక్రం గీత తాకినప్పుడు. ఆ ముగ్గురికే పతకాలు. నాలుగో మనిషి ఏ గంగలో దూకినా ఎవరికీ పట్టదు.

పందెం రోజు పొద్దున వాళ్లకు బస ఇచ్చిన బడి గదిలో, బెంచీలు గోడకు జరిపి, చెల్లెలు సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద గీత గీసింది. గీత పక్కన ముప్పై అని వేసింది.

"అక్కా, ముప్పయ్యో కిలోమీటరు దాకా ముందు నువ్వే."

"మొత్తం నేనేనా? నలుగురం మార్చుకుంటూ తొక్కుదాం అనుకున్నాం కదే."

"బయట గాలి చూశావా? ఎదురుగా కొడుతోంది. మేం కూడా ముందుకొస్తే మేమూ అలిసిపోతాం. నువ్వు ఎలాగూ చివరి పది కిలోమీటర్లు మా జోరు అందుకోలేవు. అందుకోలేనిదానివి అప్పటిదాకా మాకు పనికొచ్చి తప్పుకుంటే మంచిదే కదా?"

కట్టె కొట్టె తెచ్చె అన్నట్టు చెప్పేసింది. టీచరు నేల చూపులు చూసింది. మరిది వ్యాను తాళాలు వేలికి తిప్పుకుంటూ, "మీరేం బాధపడకండి వదినా, మీరు మధ్యలో రాలిపోయినా మన లెక్కకి నష్టం లేదు," అన్నాడు.

పిచ్చుక ఒక్కతే నోరు విప్పింది. "అయితే పతకం వస్తే గోడక్కకి ఉండదా? ఇదెక్కడి న్యాయం?"

"ఇంట్లో ఎవరి మెడలో ఉంటేనేం? అక్క చూసి సంతోషించదా ఏంటి?" అంది చెల్లెలు.

"సంతోషిస్తాను," అంది గోడక్క. నిజంగానే అన్నది. తల్లి పోయాక తొమ్మిదేళ్ల చెల్లెల్ని పెంచింది తనే. అడిగినవన్నీ ఇవ్వడం అప్పటినుంచీ ఉన్నదే.

పందెం మొదలైంది. గాలి మామూలుగా లేదు, ఎవరో రెండు చేతులతో గుండెల మీద తోస్తున్నట్టుంది. గోడక్క తల వంచుకుని, ముందు చక్రం తప్ప మరేదీ చూడకుండా తొక్కింది. పదో కిలోమీటరు దగ్గర తొడలు మండాయి. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర మంట పోయి మొద్దుబారాయి. వెనకనుంచి చెల్లెలు "ఇంకాస్త, ఇంకాస్త" అంటూనే ఉంది. ఇంకాస్త ఎక్కణ్నుంచి తేవాలో తెలియకపోయినా తెచ్చింది. ముందు వదిలిన జట్టు ఒకటి కనబడితే దాన్ని కూడా దాటించింది. ముప్పై అని రాసిన పసుపుపచ్చ పలక రాగానే చెల్లెలు అరిచింది.

"చాలు! తప్పుకో!"

ఆమె పక్కకు తప్పుకుంది. ముగ్గురూ రివ్వున దూసుకుపోయారు. చెల్లెలు తల తిప్పలేదు, టీచరూ తిప్పలేదు. పిచ్చుక మాత్రం వెనక్కి తిరిగి, "భలే లాగావు గోడక్కా!" అని కేక పెట్టింది. ఆ వెనకే వ్యాను. మరిది చూపు ఆ ముగ్గురి మీదే ఉంది. కూరలోంచి కరివేపాకు తీసి పక్కన పెట్టినట్టు ఆమెను రోడ్డు పక్కన వదిలేసి అందరూ వెళ్లిపోయారు.

ఇంకో అర కిలోమీటరు దొర్లించి ఆమె సైకిలు దిగింది. కడుపులో ఉన్నదంతా కక్కుకుంది. పక్కనే టైర్లకు పంచర్లు వేసే కొట్టు ఉంటే, దాని ముందు బల్ల మీద కూలబడి జోళ్లు విప్పేసింది. కొట్టువాడు చెంబుతో నీళ్లిచ్చాడు.

"ఓడిపోయారా అమ్మా?"

"లేదు బాబూ. నా పని అయిపోయింది."

ఆ మాట అన్నాక ఎందుకో కళ్లు చెమర్చాయి. చెంబెత్తి నీళ్లు ముఖం మీద కుమ్మరించుకుంది.

పది నిమిషాలు కూడా కాలేదు. రోడ్డుకు అవతలి వైపు, మామూలు బండ్లు తిరిగే దారిలో, హారను మోతెక్కించుకుంటూ మరిది వ్యాను ఎదురొచ్చింది. డివైడరు పక్కన ఆపి, కిటికీలోంచి సగం మనిషి బయటికొచ్చి అరిచాడు.

"వదినా! లేవండి! పిచ్చుక పడిపోయింది! ఇప్పుడు మూడో చక్రం మీదే!"

"పడిందా? దెబ్బలేమైనా..."

"చెయ్యి కాస్త బెణికింది, అంతే. అంబులెన్సుకి ఫోన్ చేశా. వాళ్లిద్దరూ మీకోసం ఆగి ఉన్నారు. గాలికి సగం జట్లు ముగ్గుర్ని నిలబెట్టుకోలేక మధ్యలోనే ఆగిపోయాయి వదినా, మనకింకా మూడో స్థానం దక్కుతుంది! ఎక్కండి, మీకు దణ్ణం పెడతా!"

దణ్ణం పెడతానంటున్నాడు! పొద్దున రాలిపోయినా నష్టం లేదన్న నోరే అది. ఏరు దాటాక తెప్ప తగలేశారు, ముందు ఇంకో ఏరు ఉందని తెలియక. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. రానని అందామనుకుంది. కానీ చేతులు అప్పటికే జోళ్లు తొడుగుతున్నాయి. కోపం అడుగున ఇంకేదో కదిలింది. ఇన్నేళ్లలో మొదటిసారి గడియారం తన కోసం తిరుగుతోంది. తను గీత తాకితేనే అది ఆగుతుంది. ఆ ఆలోచన ఒంట్లోకి వేడి నీళ్లలా దిగింది. ఒక జోడు తాడు బిగించకుండానే సైకిలెక్కింది.

మూడు కిలోమీటర్లు ఒంటరిగా ఎలా తొక్కిందో ఆమెకే తెలియదు. మరిది ముందున్న డివైడరు సందు దగ్గర వ్యాను తిప్పుకుని ఆమె వెనకాలే వచ్చాడు. రోడ్డు చిన్న కల్వర్టు ఎక్కే చోట, కింద కాలవ గట్టున, ఎర్ర చొక్కా కనబడింది.

పిచ్చుక వెల్లకిలా పడి ఉంది. సైకిలు ఆమె కాలి మీద ఉంది. కుడి చెయ్యి మోచేతి దగ్గర వెనక్కి తిరిగి ఉంది, చర్మంలోంచి తెల్లగా ఏదో పొడుచుకొచ్చింది. బెణుకు కాదది. చుట్టూ ఒక్క మనిషి లేడు. ఈలోగా ఎన్ని జట్లు ఆమెను దాటిపోయాయో.

"గోడక్కా!" అంది పిచ్చుక. అరవలేదు, అరిచే ఓపిక లేదు. "గోడక్కా, లేవలేకపోతున్నా. కాలు కదలడం లేదు."

ఇద్దరి కళ్లూ కలిశాయి.

వెనకనుంచి హారను. "ఆగొద్దు వదినా! అంబులెన్సు వస్తోంది! ఆగారా, ఆరేళ్లు మట్టిలో కలిసిపోతాయి!" ముందు, రెండు వందల గజాల దూరంలో, కాలినడక వంతెన నీడలో చెల్లెలు, టీచరు ఒక్కో కాలు నేలకు ఆనించి నిలబడి ఉన్నారు. చెల్లెలు చెయ్యి ఊపుతోంది. రమ్మని, త్వరగా రమ్మని.

కాళ్లు ఆగలేదని ఆమె తర్వాత తనకు తాను చెప్పుకుంది. నిజానికి కాళ్లు ఆగాయి. తొక్కడం మానేస్తే సైకిలు దానంతటది కొంతదూరం దొర్లింది. ఆ కాస్త దూరంలో ఆమె ఆలోచించింది. బాగానే ఆలోచించింది. చెయ్యి విరిగిందని తెలుసు, చుట్టూ ఎవరూ లేరని తెలుసు, మరిది నోట నిజం రావడం అరుదని కూడా తెలుసు. అన్నీ తెలిసే మళ్లీ తొక్కింది.

"గోడక్కా" అన్న మాట ఇంకోసారి వినబడింది. తర్వాత గాలి హోరు.

వంతెన కింద చెల్లెలు ఏమీ అడగలేదు. "మా వెనక్కి రా," అంది, అంతే. ముందు చెల్లెలు, తర్వాత టీచరు, ఆ వెనక గోడక్క. ఆరేళ్లలో మొదటిసారి ఆమెకు గాలి తగల్లేదు. ఇంతకాలం వీళ్లు ఇంత సుఖంగా తొక్కారా అని ఆశ్చర్యపోయింది. ముందు చక్రాన్ని టీచరు చక్రానికి జానెడు దూరంలో పెట్టి, ముందువాళ్ల వీపుల చాటున, ఎవరో ఎత్తుకుని తీసుకుపోతున్నట్టు గీత దాకా పోయింది.

నాలుగో జట్టుకంటే రెండు సెకన్లు ముందు. మూడో స్థానం.

చెల్లెలు సైకిలు వదిలేసి ఆమెను కావలించుకుంది. "మా అక్క! మా అక్క!" అని ఏడ్చింది. మైకులో జట్టు పేరు చదివారు. మెట్ల బల్ల మీద ముగ్గురూ నిలబడితే మెడలో పతకాలు వేశారు, ఫొటోలు తీశారు. గోడక్క నవ్వింది. తర్వాత ఆ ఫొటోలో తనను తాను చూసుకుని, ఇంత అందంగా నవ్వగలనా అనుకుంది. ఆ పూట ఆమె మనసులో పిచ్చుక లేదు. ఉందని చెబితే అబద్ధమే అవుతుంది.

టీచరే ముందు తలుచుకుంది. "ఆ పిల్లనెక్కడికి తీసుకెళ్లారు?"

ఎక్కడికీ తీసుకెళ్లలేదు. ఎవరూ అంబులెన్సును పిలవలేదు. జట్లన్నీ వెళ్లాక చివరన వచ్చే నిర్వాహకుల బండి ఆమెను చూసి ఆగేసరికి నలభై నిమిషాలు దాటిందట. అప్పటికి ఎండలో స్పృహ తప్పి ఉంది.

"ఫోన్ చేశానన్నావు కదా?" అని గోడక్క మరిదిని అడిగింది.

"చేశా వదినా. లైను కలవలేదు."

"మరి కలవలేదని నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆగేవాళ్లు కదా మీరు," అన్నాడు అతను, అది కూడా తెలియదా అన్నట్టు.

తిరుగు ప్రయాణంలో టీచరు ఆమె చెవిలో అసలు సంగతి ఊదింది. పిచ్చుక తనంతట తను పడలేదు. నీళ్ల సీసా అందుకోబోతూ చెల్లెలు ఉన్నట్టుండి సైకిలు పక్కకు తిప్పింది. వెనకే ఉన్న పిచ్చుక ముందు చక్రం తగులుకుని గట్టు కిందికి ఎగిరిపడింది. "వెనక్కి వెళ్దాం అన్నాను అక్కా. నువ్వేమైనా డాక్టరువా అంది. నేనేం చెయ్యను?" అని ముక్కు చీదుకుంది టీచరు.

పది రోజులకు పోటీ కమిటీనుంచి కాగితం వచ్చింది. దెబ్బ తిన్న మనిషిని జట్టు చూసి కూడా వదిలేసిందా, లేదా, ఒక్కొక్కరూ రాసివ్వాలి. వదిలేసిందని తేలితే పతకం వెనక్కి, మరిదికి మళ్లీ ఏ పోటీలోనూ ప్రవేశం లేదు, పిల్ల వైద్యం జట్టు నెత్తిన.

చెల్లెలి ఇంట్లో, భోజనాల బల్ల మీద, నాలుగు కాగితాలూ ముందే రాసి పెట్టి ఉన్నాయి. పిచ్చుక అలిసిపోయి తనంతట తనే వెనకబడింది, పడిపోవడం మేమెవరమూ చూడలేదు, వ్యాను మా వెంటే ముందుంది, అని. మూడింటి మీద అప్పటికే సంతకాలు పడ్డాయి. కలం గోడక్క ముందు పెట్టి చెల్లెలు కాఫీ కలపడానికి లేచింది.

"నేను చూశానే," అంది గోడక్క.

చెల్లెలు వెనక్కి తిరిగింది. "చూసి ఏం చేశావు?"

మరిది గొంతు సవరించుకున్నాడు. "వదినా, ఇందులో మునిగితే అందరం కలిసే మునుగుతాం. మీరూ ఆగలేదు కదా."

గోడక్క కలం చేతిలోకి తీసుకుంది. వాళ్లిద్దరూ తనకేసి చూస్తున్నారని ఆమెకు తెలుస్తోంది. తను ఇటు చెబితే ఇటు, అటు చెబితే అటు. ఈ ఇంట్లో తన మాట కోసం ఎవరైనా ఇలా ఎదురుచూడటం ఆమె ఎన్నడూ ఎరగదు. నోటివెంట వచ్చిన మాట ఆమె అనుకుని వచ్చింది కాదు.

"వచ్చే ఏడాది నేను చివరిదాకా ఉంటాను. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర దిగను."

చెల్లెలు రెప్ప వెయ్యకుండా చూసింది. "మరి ఎవరు దిగుతారు?"

"టీచరు దిగుతుంది."

"సరే," అంది చెల్లెలు. అంతే, బేరం కుదిరిపోయింది. కాఫీ రాకముందే గోడక్క సంతకం పెట్టింది.

మర్నాడు కార్ఖానా అయ్యాక ఆమె పిచ్చుకను చూడటానికి వెళ్లింది. వెళ్లకపోతే బాగుండదని వెళ్లింది. మూడో అంతస్తులో చిన్న గది. మంచం, కిటికీ మీద మందుల సీసాలు, గోడకు ఆనించి చేతికర్ర. కుడి చెయ్యి భుజందాకా కట్టు. తుంటి ఎముక చిట్లి కాలు నేలకు మోపకూడదన్నారు. బొటనవేలు, చూపుడువేలు ఇక ముడుచుకోవని డాక్టర్లు చెప్పేశారట. కత్తెర పట్టే చెయ్యి అదే.

తల్లి బక్కపలచటి మనిషి, గుమ్మంలోనే ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "వచ్చావా తల్లీ! నీ కోసమే కలవరిస్తోంది. ఇంకెవరూ తొంగి చూడలేదు."

పిచ్చుక ముఖం వెలిగింది. "చెప్పానా అమ్మా, గోడక్క వస్తుందని!" తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వు ఆగలేదని నాకేం కోపం లేదు గోడక్కా. వెనక ఆయన అలా అరుస్తుంటే ఎవరాగుతారు? నేనైనా ఆగేదాన్ని కాదేమో. కానీ వాళ్లు కమిటీకి అబద్ధాలు రాశారట, టీచరు ఫోన్లో నోరు జారింది. నేనే వెనకబడ్డానట, ఎవరూ చూడలేదట. నా మాట ఒక్కటే అయితే ఎవరు నమ్ముతారు? నువ్వు చూశావు కదా. వ్యాను నా పక్కనుంచే పోయిందని నువ్వొక్క మాట రాసివ్వు, చాలు. అబద్ధం ఆడనిదానివి ఆ జట్టులో నువ్వొక్కదానివే."

తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

గోడక్క కిటికీ మీది సీసాల వైపు చూసింది. "నాకేం కనబడలేదమ్మా," అంది.

"ఏంటి?"

"కళ్లలోకి చెమట కారుతోంది. తల వంచుకుని తొక్కుతున్నా. నువ్వక్కడ ఉన్నావని కూడా నాకు తెలియదు."

పిచ్చుక ముఖంలో వెలుగు ఒక్కసారిగా పోలేదు. అర్థమవుతున్న కొద్దీ మెల్లగా పోయింది.

"నువ్వు నా కళ్లలోకి చూశావు," అంది చివరికి.

"లేదమ్మా."

"నేను పిలిస్తే నీ కాళ్లు ఆగాయి. నేను చూశాను."

"నొప్పిలో అలా అనిపించి ఉంటుంది."

తల్లికి సగమే అర్థమైంది. ఒకసారి కూతురి వైపు, ఒకసారి వచ్చిన మనిషి వైపు చూసి, "పోనీలేమ్మా, వచ్చావు, అదే పదివేలు," అంది. గోడక్క లేవబోతుంటే భుజం మీద చెయ్యి వేసి బతిమాలింది. "వెళ్లేముందు దీన్ని కాస్త పైకి జరిపి కూర్చోబెడతావా తల్లీ? పొద్దుటినుంచీ కిందికి జారిపోయి ఉంది. నాకు బలం చాలడం లేదు. నీ చేతులు చూస్తే ఎంత గట్టివి!"

కాదనడానికి దారి లేదు. గోడక్క మంచం దగ్గరికెళ్లి, ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ల కింద పెట్టి ఎత్తింది. పిల్ల ఒక పరుపంత బరువు కూడా లేదు. ఒళ్లంతా కర్రలా బిగుసుకుని, ముఖం గోడవైపు తిప్పుకుంది. ఊపిరి కూడా తగలనివ్వకుండా బిగబట్టింది.

"చాలు," అంది పిచ్చుక. "దించెయ్."

గోడక్క దించింది. దిండు సర్దబోతే పిల్ల ఎడం చేత్తో దాన్ని లాగేసుకుంది. తల్లి మెట్లదాకా సాగనంపి, మళ్లీ రమ్మని మరీ మరీ చెప్పింది. వస్తానని చెప్పి గోడక్క మెట్లు దిగింది.

మళ్లీ వెళ్లలేదు. కమిటీ నాలుగు కాగితాలూ చదివి, ఎవరి తప్పూ లేదని తేల్చింది. రెండో నెలలోనే చెల్లెలు ఇంకో తేలికపాటి పిల్లను వెతికి తెచ్చింది. మరుసటి ఏడు ముప్పయ్యో కిలోమీటరు దగ్గర టీచరు తప్పుకుంది, నోరెత్తకుండా. గోడక్క చివరిదాకా ఉంది. ఏడో స్థానం వచ్చింది. వ్యానులో తిరిగొస్తూ దారి పొడుగునా మరిది, చెల్లెలు ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమె కిటికీ పక్కన కూర్చుని, అద్దం పైకెత్తి గాలి రాకుండా చేసుకుని, ఇల్లు చేరేదాకా కళ్లు మూసుకుంది.